ఉపకారవేతనము – ఒక నిబంధన కథ

తెలుగు సంఘముల వార్షికోత్సవములలో, పరీక్షలయందు మంచి మార్కులు తెచ్చుకొనిన బాలబాలికలకు బహుమతులిచ్చుట పరిపాటి. పేరు పిలువగానే పిల్లవాడు వేదిక నెక్కును. సభలోనివారు చప్పట్లు కొట్టుదురు. తల్లిదండ్రుల కన్నులు చెమర్చును. చూడ ముచ్చటైన సన్నివేశమే. కాని నిరుడు వేదిక నెక్కి, ఈ యేడు తన పేరు వినబడక వెనుక వరుసలో తల వంచుకొని కూర్చున్న పిల్లవాడు కూడ ఆ సభలోనే ఉండును. వానిని మనము తలచుకొనము. బహుమతి విషయమున ఈ మరపువలన పెద్ద నష్టము లేదు. ఉపకారవేతనము సంగతి అట్లు కాదు. బహుమతి రాకున్న పిల్లవాడు చిన్నబుచ్చుకొనును; ఉపకారవేతనము నిలిచిపోయిన చదువే నిలిచిపోవును.

ఉపకారవేతనము పొందుటకు ఒక అర్హత, పొందినదానిని నిలుపుకొనుటకు మరియొక అర్హత కావలెను. ఏటేటా పరీక్ష గట్టెక్కవలెను, హాజరు నిండవలెను, చదువులో ప్రగతి కనబడవలెను. ఈ రెండవ అర్హత మన దేశమున ఎట్లు వచ్చినది, ఎవరిని నిలిపినది, ఎవరిని పడద్రోసినది అను విషయమును సంగ్రహముగా పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పూర్వకాలమున విద్యార్థికి సాయమనగా ముఖ్యముగా అన్నము పెట్టుటయే. రాజేంద్రచోళుని కాలమున, 11వ శతాబ్దిలో, ఎణ్ణాయిరము గ్రామమున నడచిన విద్యాలయములో 340 మంది విద్యార్థులుండిరని అచ్చటి శాసనము తెలుపుచున్నది. అందులో 270 మంది క్రింది తరగతులవారు, 70 మంది పై తరగతులవారు. ఒక్కొక్కరికి దినమునకు ఇంత ధాన్యమని కొలత నిర్ణయింపబడినది; పై తరగతివారికి కొలత హెచ్చు. మన తెలుగునాట 1261వ సంవత్సరమునాటి మల్కాపుర శాసనము, రుద్రమదేవి కాలమున కృష్ణానది దక్షిణతీరమున విశ్వేశ్వర శివాచార్యులు నెలకొల్పిన మఠమును, దానితోపాటు విద్యాలయమును, అన్నసత్రమును, వైద్యశాలను, ప్రసూతిశాలను పేర్కొనుచున్నది. ఆ మల్కాపురము నేటి తుళ్ళూరు మండలములోనిదే.

ఇంతటి ధర్మములు లేని ఊళ్ళలో సైతము నిన్నమొన్నటి వరకు వారాలు చెప్పుకొని చదువుకొను ఆచారముండెను. సోమవారము ఒక ఇంట, మంగళవారము మరొక ఇంట భోజనము చేయుచు ఎందరో పేద బాలురు పట్టణపు బడులలో చదువుకొనిరి. ఆ ఇంటి ఇల్లాలు వడ్డించుచునే పరీక్ష ఏమైనదని అడిగెడిది. తప్పినదని చెప్పిన, నాలుగు చీవాట్లు పెట్టెడిది. కాని మరుసటి వారము విస్తరి వేయుట మానెడిది కాదు.

అయితే ఈ దయకు గల హద్దును చెప్పకున్న చరిత్రకు అపచారము చేసినవారమగుదుము. ఆ అన్నము, ఆ చదువు పుట్టుకను బట్టి లభించినవి. వారాలిచ్చు ఇంటి గడప కొన్ని కులముల బాలురకే తెరచియుండెను. తప్పినవానిని క్షమించు గుణము ఆ పద్ధతిలో ఉండెను గాని, ఆ క్షమ తనవారివరకే పరిమితమై యుండెను.

ఈస్టిండియా కంపెనీ పాలనలో కలకత్తా మదరసా 1781లోను, కాశీ సంస్కృత కళాశాల 1791లోను, కలకత్తా సంస్కృత కళాశాల 1824లోను వెలసినవి. ఆ విద్యాలయములలో విద్యార్థులకు నెలనెలా భృతి నిచ్చు ఆచారముండెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు కలకత్తా కళాశాలలో బాలుడుగా చదువుకొను దినములలో నెలకు 5 రూపాయలు పొందెను. పేదయింటి బిడ్డకు ఆనాడు అది చిన్న మొత్తము కాదు.

1835 ఫిబ్రవరి 2వ తేదీన మెకాలే తన సుప్రసిద్ధమైన నివేదికను వ్రాసెను. ఆ నివేదికను భాషావివాదమునకు సంబంధించినదిగానే మనమెరుగుదుము. కాని అందులో భృతినిగూర్చిన వాదము కూడ కలదు. సంస్కృతమును, అరబ్బీని చదువువారికి మనము ఎదురు డబ్బిచ్చుచున్నాము. ఇంగ్లీషు చదువువారు తామే మనకు రుసుము చెల్లించుచున్నారు. కావున జనులకు ఏది కావలెనో దీనినిబట్టియే తేలుచున్నదని అతని వాదసారాంశము. మార్చి 7వ తేదీన గవర్నరు జనరల్ బెంటింక్ ప్రభువు చేసిన తీర్మానముచే, ఆ విద్యాలయములలో ఇకపై చేరు విద్యార్థులకు భృతి ఇవ్వరాదని నిర్ణయమైనది. నాలుగేండ్ల పిమ్మట, 1839 నవంబరు 24వ తేదీన ఆక్లండ్ ప్రభువు ఈ కాఠిన్యమును కొంత సడలించెను. అందరికిని భృతి అనుమాట పోయి, ప్రతిభ చూపిన కొందరికి ఉపకారవేతనము అనుమాట వచ్చెను. 1854లో చార్లెస్ ఉడ్ పంపిన విద్యాపత్రము ఈ పద్ధతిని దేశమంతటికిని విస్తరింపజేయ సంకల్పించెను. క్రింది పాఠశాలలోని ఉత్తమ విద్యార్థి ఉపకారవేతనమను నిచ్చెనపై పై పాఠశాలకు ఎక్కవలెనని దాని ఆశయము.

ఇరువదియేండ్ల వ్యవధిలో ఒక మాటకు బదులు మరియొక మాట చేరినట్లు పైకి కనబడును. నిజమునకు మారినది మూలసూత్రమే. భృతి విద్యార్థియొక్క అవసరమును చూచి ఇచ్చునది. ఉపకారవేతనము అతని యోగ్యతను చూచి ఇచ్చునది. యోగ్యతను చూచి ఇచ్చినదానిని యోగ్యత తగ్గినదని తోచినపుడు తీసివేయుట తర్కమునకు సరిపోవును. ప్రగతి నిబంధనకు పునాది ఇదియే.

ఈ నిబంధనను కేవలము దుర్మార్గమని తోసిపుచ్చుట న్యాయము కాదు. ఉపకారవేతనములు కొన్ని, కోరువారు వేలు. చదువనివానికి ఇచ్చిన సొమ్ము, చదువగోరువాని నోటినుండి తీసినదే యగును. వ్రాతపూర్వకమైన నియమము లేనిచో సిఫారసు రాజ్యమేలును. కార్యాలయములలో ఫైళ్ళు నడుపు మనకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కాని నియమమునకు ఒక స్వభావమున్నది. అది తాను కొలువగలిగినదానినే కొలుచును. కొలువజాలనిది దాని కంటికి కనబడదు. ఈ స్వభావము ఒక్క విద్యార్థి జీవితములో ఎంత కీడు చేసినదో, దానినే తెలివిగా మలచినపుడు ఎంత మేలు చేసినదో రెండును చూపు ఉదాహరణము మన దక్షిణాదిలోనే ఉన్నది.

శ్రీనివాస రామానుజన్ 1904లో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ. తరగతిలో చేరెను. ఉన్నతపాఠశాలలో చూపిన ప్రతిభకుగాను అతనికి సుబ్రహ్మణ్యం ఉపకారవేతనము లభించెను. అతని తండ్రి బట్టల దుకాణములో గుమాస్తా. నెలకు సుమారు 20 రూపాయల జీతము. కళాశాల రుసుము టర్ముకు 32 రూపాయలు. ఉపకారవేతనము లేనిదే ఆ చదువు ఆ ఇంటికి అందునది కాదు.

గణితములో మునిగిన ఆ బాలుడు తక్కిన పాఠములను అశ్రద్ధ చేసెను. ఇంగ్లీషులో తప్పెను. పై తరగతికి పోలేకపోయెను, ఉపకారవేతనము పోయెను. తల్లి కోమలతమ్మాళ్ పోయి ప్రిన్సిపాలుతో మొరపెట్టుకొనినను నియమము కదలలేదు. 1905 ఆగష్టులో రామానుజన్ ఇంట చెప్పకుండ రైలెక్కి మన తెలుగుదేశమునకు, విశాఖపట్టణమునకు వెళ్ళిపోయెను. తండ్రి పత్రికలో ప్రకటన వేయించి వెదకించెను. పదునేడేండ్ల ఆ బాలుడు విశాఖలో ఏ అరుగుపై పడుకొనెనో, ఎవరి ఇంట అన్నము తినెనో! ఉపకారవేతనము పోయిన అవమానము ఒక బాలుని ఎంతదూరము తరుముకొని పోగలదో ఈ ఒక్క సంగతి చెప్పుచున్నది.

తిరిగి వచ్చి కళాశాలలో చేరినను, దూరమైన దినములవలన హాజరు చాలలేదు. టర్ము సర్టిఫికెట్టు రాలేదు. మొదట మార్కుల నియమము, పిమ్మట హాజరు నియమము రెండును అతనిని బయటకు నెట్టినవి. 1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరెను, జబ్బుపడెను, గణితమున మేటియై, శరీరశాస్త్రము మొదలగు పాఠములలో తప్పి, ఎఫ్.ఏ. పరీక్షను తుదివరకు గట్టెక్కలేకపోయెను.

ఆపై కొన్నియేండ్లపాటు అతనిని నిలిపినది నియమము కాదు, మనుష్యులు. నెల్లూరు కలెక్టరుగా నున్న ఆర్. రామచంద్రరావుగారు అతని నోటుపుస్తకములను చూచి, నెలకు సుమారు 25 రూపాయలు తమ సొంతసొమ్ములోనుండి ఇచ్చిరి. పట్టా ఉన్నదా అని అడుగలేదు. ఊరక ఇచ్చు సొమ్ముతో చిరకాలము బ్రతుకుట రామానుజనుకే ఇష్టము లేకపోయెను. 1912లో మద్రాసు అకౌంటెంటు జనరల్ కార్యాలయమున నెలకు 20 రూపాయలపై కొద్ది వారములు తాత్కాలిక గుమాస్తాగా పనిచేసి, మార్చి 1వ తేదీన పోర్టు ట్రస్టు జమాఖర్చుల శాఖలో 30 రూపాయల జీతముపై చేరెను. మనవంటి ఒక చిన్న ఉద్యోగియే 1913 జనవరి 16వ తేదీన కేంబ్రిడ్జిలోని హార్డీకి ఆ చరిత్రాత్మకమైన లేఖను వ్రాసెను.

తరువాత జరిగినది పరిపాలన నెరిగినవారు మననము చేయదగిన ఘట్టము. 1913 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వ వాతావరణశాఖాధిపతి గిల్బర్ట్ వాకర్ మద్రాసు వచ్చి, రామానుజన్ పనిని చూచి, అతనికి ఉపకారవేతన మీయవలసినదని విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారునకు లేఖ వ్రాసెను. గణితశాస్త్ర పాఠ్యసంఘము నెలకు 75 రూపాయల పరిశోధక వేతనమును రెండేండ్లపాటు ఇచ్చుటకు సిఫారసు చేసెను. కాని నిబంధనలు అడ్డువచ్చినవి. పరిశోధక వేతనమునకు ఎం.ఏ. పట్టా ఉండవలెను, రామానుజన్ ఎఫ్.ఏ. సైతము తప్పినవాడు. అప్పుడు వైస్‌ఛాన్సలరుగా నున్న న్యాయమూర్తి పి.ఆర్. సుందరయ్యరుగారు నిబంధనను ధిక్కరింపలేదు. నిబంధనకు పైనున్న శాసనమును తెరచి చూపిరి. విశ్వవిద్యాలయ శాసనపు పీఠికలోనే పరిశోధనను పెంపొందించుట విశ్వవిద్యాలయ కర్తవ్యములలో నొకటిగా చెప్పబడినది గదా అని వాదించిరి. సిండికేటు అంగీకరించెను. ప్రభుత్వముయొక్క అనుమతియు లభించెను. 1913 మే 1వ తేదీనుండి వేతనము ప్రారంభమయ్యెను.

ఆ వేతనమునకును ఒక ప్రగతి నిబంధన ఉండెను! మూడునెలల కొకసారి తాను చేసిన పనిని వివరించు నివేదికను పాఠ్యసంఘమునకు సమర్పింపవలెను. రామానుజన్ సమర్పించెను. మొదటిది 1913 ఆగష్టు 5, రెండవది నవంబరు 7, మూడవది 1914 మార్చి 9వ తేదీ కలిగియున్నవి. నేడు రామానుజన్ ప్రధానసిద్ధాంతమని గణితజ్ఞులు వ్యవహరించుచున్న సిద్ధాంతము ఆ మొదటి నివేదికలోనిదే. మూల నివేదికలు నష్టమైనవి. 1925లో ఒకరు చేతితో ప్రతి వ్రాసియుంచుటచే అవి మనకు దక్కినవి. మూడవ నివేదిక ఇచ్చిన ఎనిమిది దినములకు, మార్చి 17వ తేదీన, అతడు ఇంగ్లండునకు ఓడ ఎక్కెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

1905లోను ప్రగతి నిబంధనయే, 1913లోను ప్రగతి నిబంధనయే. మొదటిది అన్ని పాఠములకును ఒకే కొలబద్దను పెట్టెను. రెండవది ఏ పనికై సొమ్మిచ్చుచున్నారో ఆ పనిని చూపుమనెను. మొదటిది విద్యార్థిని విశాఖపట్టణమునకు పారద్రోలెను. రెండవది కేంబ్రిడ్జికి పంపెను. లోపము నిబంధన ఉండుటలో లేదు. దేనిని కొలుచుచున్నామో ఆలోచింపకుండుటలో ఉన్నది.

అదే 1913లో, రామానుజన్ వేతనము మొదలైన మరుసటి నెలలో, దేశపు పడమటి కొసన మరియొక యువకుడు ఒక ఒడంబడికపై సంతకము చేసెను. అతడు భీమరావు అంబేద్కరు. బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడు అతనికి అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున చదువుటకు నెలకు పదకొండున్నర పౌనుల చొప్పున మూడేండ్లకు ఉపకారవేతన మిచ్చెను. నిర్ణయించిన విషయములనే చదువవలెను. చదువు ముగిసిన పిమ్మట పదియేండ్లు బరోడా సంస్థానమున కొలువు చేయవలెను. అంబేద్కరు 1915లో ఎం.ఏ. పొంది, పరిశోధన సాగించి, లండనుకు వెళ్ళి అర్థశాస్త్రమును, న్యాయశాస్త్రమును ఆరంభించెను. అతని ప్రగతికి కొరతలేదు. కాని గడువు తీరినది. 1917లో లండను చదువును సగములో విడిచి తిరిగి రావలసివచ్చెను. 1920లో తాను కూడబెట్టినదానితోను, ఇతరుల సాయముతోను మరల వెళ్ళి, 1921లో ఎం.ఎస్‌సి., 1923లో డి.ఎస్‌సి. పట్టములు పొందెను.

ఉపకారవేతనముయొక్క విలువను, అది ఆగిపోవుటలోని బాధను అనుభవమున ఎరిగిన ఈ మహనీయుడే 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యెను. ఆ యేడు అక్టోబరు 29వ తేదీన షెడ్యూల్డు కులముల బాధలను వివరించు విజ్ఞాపనపత్రమును వైస్రాయికి సమర్పించి, ఉన్నతవిద్యకై ఉపకారవేతనములు కోరెను. ఫలితముగా 1944–45లో షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్కు పై చదువుల ఉపకారవేతన పథకము ప్రారంభమైనది. ఏటికి 3 లక్షల రూపాయలు కేటాయింపబడినవి. 1948–49లో అది షెడ్యూల్డు తెగలకును విస్తరించినది. ఏ గడప దాటరాదని తరతరములు వినిన బిడ్డకు, ఇది ప్రభుత్వపు సొమ్ము, నీ హక్కు అని తొలిసారి చెప్పిన పథకమిది.

ఈ పథకపు నిబంధనలు తరువాత పలుమార్లు సవరింపబడినవి. చిరకాలము అమలులోనుండిన నియమములలో పునరుద్ధరణకు చెందిన భాగము చదువదగినది. ఒకసారి మంజూరైన వేతనము, నడవడి, హాజరు సరిగానున్నచో, ఆ చదువు ముగియువరకు సాగును. ఏటేటా కావలసినది పై తరగతికి ప్రమోషను మాత్రమే. ఇన్ని మార్కులు రావలెనను పట్టు లేదు. క్రింది తరగతి పాఠములు కొన్ని మిగిలియున్నను, విశ్వవిద్యాలయము పై తరగతిలో కూర్చుండనిచ్చినచో వేతనము వచ్చును. జబ్బుచేత పరీక్షకు పోలేనివాడు వైద్యుని పత్రము చూపి నిలుపుకొనవచ్చును. వైద్యము, ఇంజనీరింగు వంటి మొదటి వర్గపు చదువులలో తొలిసారి తప్పినను వేతనమును కొనసాగింపవచ్చును. రెండవసారి తప్పిన, పై తరగతికి పోవువరకు తన ఖర్చు తానే పెట్టుకొనవలెను.

ఇందులో నాటి ఇల్లాలి దయ కొంత, సర్కారు కొలత కొంత కలిసియున్నవి. అయితే తొలి తప్పును మన్నించుట మొదటి వర్గపు చదువులకే ఎందుకు? బి.ఏ. చదువు కూలివాని కొడుకునకు ఇంగ్లీషు కష్టము కాదా? 1905లో తప్పిన బాలుడు తప్పినది ఇంగ్లీషులోనే గదా!

కేవలము ప్రతిభకిచ్చు వేతనముల కొలత సహజముగానే కఠినము. 2008లో మొదలై, ఏటికి 82,000 మందికి ఉద్దేశింపబడిన కేంద్రప్రభుత్వ ఉపకారవేతనమున, నిలుపుకొనుటకు 50 శాతము మార్కులు, 75 శాతము హాజరు విధింపబడినవి. 1963–64లో వచ్చిన జాతీయ ఋణ ఉపకారవేతనములలో మరియొక రీతి యుండెను. అప్పుతీసుకొని చదివినవాడు ఉపాధ్యాయుడైనచో, పనిచేసిన ఒక్కొక్క యేటికి అప్పులో పదవవంతు మాఫీ యగుచుండెను. చదువుకాలపు ప్రగతినేగాక, ఆపై చేసిన సేవను కూడ కొలచిన నియమమది.

మరియొక మాట. నిబంధన ఎప్పుడును పుచ్చుకొనువానికేనా? ఇచ్చువారికి లేదా? మెట్రిక్కు పై చదువుల పథకమున చాలకాలము ఖర్చులో రాష్ట్రముల వంతు ఇంతయని పూర్వపు ప్రణాళికాకాలపు వ్యయమునుబట్టి నిర్ణయించు పద్ధతియుండెను. దానివలన రాష్ట్రముల భారము పెరిగి, కేంద్రపు వంతు తగ్గినది. 2017–18 మొదలు 2019–20 వరకు కేంద్రసాయము ఏటికి సుమారు 1,100 కోట్లు మాత్రమే. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము ఆ పద్ధతిని మార్చి, కేంద్రము 60, రాష్ట్రము 40 వంతుల చొప్పున భరించునట్లును, మొత్తము 59,048 కోట్ల రూపాయలు వెచ్చించునట్లును, కేంద్రపు వంతు విద్యార్థి ఖాతాకే నేరుగా చేరునట్లును నిర్ణయించెను. సకాలమున సొమ్ము చేరని విద్యార్థిని సకాలమున ప్రగతి చూపలేదని నిందించుట ధర్మము కాదు. ఫైలు ఒక బల్లపై నెల ఆలస్యమైన, ఎక్కడనో ఒక వసతిగృహమున ఒక పిల్లవాడు పుస్తకము కొనుట మానుకొనును. ఇది మన వృత్తికి చెందిన పాఠము.

రామానుజన్ కథకు చివరి పుట ఒకటి మిగిలియున్నది. విశ్వవిద్యాలయము అతనికి ఏటికి 250 పౌనుల చొప్పున ఐదేండ్ల వేతనము నిర్ణయించెను. ఇంగ్లండులో వ్యాధిగ్రస్తుడై యున్న అతడు 1919 జనవరి 11వ తేదీన రిజిస్ట్రారునకు కృతజ్ఞత తెలుపుచు ఒక లేఖ వ్రాసెను. ఈ సొమ్ము తనకు అవసరమైనదానికంటె హెచ్చు. తల్లిదండ్రులకు ఏటికి 50 పౌనులిచ్చి, తన అవసరములు తీరగా మిగిలినదానిని పేద బాలురయొక్కయు, అనాథలయొక్కయు బడిరుసుములు తగ్గించుటకును, బడులకు పుస్తకములు సమకూర్చుటకును వినియోగింపవలసినదని కోరెను. మరుసటి యేడు, 1920 ఏప్రిల్ 26వ తేదీన, కన్నుమూసెను.

ఆ లేఖలో మార్కుల ప్రసక్తి లేదు. ఇంగ్లీషులో తప్పి ఉపకారవేతనము పోగొట్టుకొనిన బాలుడు పెద్దవాడై తన సొమ్మును ఎవరికిమ్మనెనో మనము గుర్తుంచుకొనవలెను. మన సంఘములు బహుమతుల నిధిలో ఒక చిన్న భాగమును ప్రక్కకు తీసి, ఒకసారి తప్పి మరల పరీక్షకు కూర్చుండు పిల్లవానికి ఆ యేటి రుసుము కట్టినచో, వార్షికోత్సవ సభలో వెనుక వరుసకును ఒక పిలుపు అందును.